నాంచారమ్మ కొర్రమీను, రెండు నీటికాకులు

అనగనగా కొల్లేటి నడుమ ఒక లంక. ఆ లంకలో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ కూతురు పురిటికొచ్చి పిల్లాణ్ణి కంది. పాలు చాలక పసివాడు ఒకటే ఏడుపు. కొర్రమీను పులుసు పెడితే పాలు పడతాయని మంత్రసాని చెప్పింది. మరి దొరకొద్దూ? పొద్దుటి నుంచీ నీళ్ళలో నానితే, ఎట్టకేలకు ఒకటి వలలో పడింది.

అప్పుడు చేపబుట్ట చంకన పెట్టుకుని ఇంటికి పరిగెడుతుంటే, గట్టున వలకర్ర మీది నీటికాకులు రెండు ఆవిణ్ణి ఆపాయి. వరసకి అక్కచెల్లెళ్ళ పిల్లలు. పొద్దస్తమానం నువ్వా నేనా అని పోటీలే వాటికి. మాలో ఎవరు పెద్దో చెప్పి కదలమన్నాయి. ఒకటేమో బాతంత ఉంది, రెండోది ఊరకాకి కంటే కాస్త పెద్ద. కళ్ళు లేవా, ఆ బాతంతదే పెద్దదని విసుక్కుంది నాంచారమ్మ.

ఆ తర్వాత ముక్కులు చూడమన్నాయి. పెద్దదానిది పొడుగు, చిన్నదానిది పొట్టి. అదీ చెప్పింది, ఖర్మ.

ఆ తర్వాత తోకలట! ఒంటికి తగ్గట్టు చూస్తే నా తోకే పొడుగంది చిన్నది. కాదంది పెద్దది. కొలిస్తేగానీ వదలమన్నాయి. నాంచారమ్మకి ఒళ్ళు మండిపోయింది. పీడ వదిలితే చాలని బుట్ట కింద పెట్టి బెత్తెలేసి తోకలు కొలవబోయింది. కొర్రమీను ఊరుకుంటుందా? ఎగిరి గట్టు మీద పడి, పాక్కుంటూ పోయి నీళ్ళలో దూకేసింది.

నాంచారమ్మ నెత్తి కొట్టుకుంది. "పసివాడి తిండి నీళ్ళపాలు చేశారు కదర్రా. మీ తోకలు తగలెయ్య!"

అప్పుడు పెద్దది సిగ్గుపడి చేప కోసం లోతులోకి మునిగింది. చేప గుర్రపుడెక్క మొక్కల కింద దూరింది. అక్కడ పెద్దదాని ఒళ్ళు పట్టలేదు. చిన్నది దూరింది గానీ, దాని పొట్టి ముక్కుకి అంత చేప ఆగలేదు. అందుకని బయటికి తరిమింది. బయటికి రాగానే పెద్దది కరుచుకుంది. అలవాటు కొద్దీ మింగబోయి, గుడిసెలో పసివాడి ఏడుపు వినపడి ఆగి, తెచ్చి బుట్టలో వేసింది.

నాంచారమ్మ మూత బిగించింది. ఇంతకీ పట్టిందెవరని రెండూ మళ్ళీ మొదలెట్టాయి. ఆవిడ వెనక్కి తిరిగితే ఒట్టు.

ఆ పూట తల్లి పులుసన్నం తింది. మర్నాటికి పసివాడు కడుపునిండా తాగి పడుకున్నాడు. ఆ నీటికాకులు మాత్రం రెక్కలు ఆరబెట్టుకుంటూ కర్ర మీదే ఉన్నాయి. చోటు చాలక ఒకదాని రెక్క ఇంకోదాని మీద వేసుకున్నాయి. దూరం నుంచి చూస్తే ఏది ఏదో తెలియలేదు.

విన్నావా మనవడా, పొద్దుణ్ణుంచీ నువ్వూ, నీ పిన్ని కొడుకూ గుమ్మానికి ఆనుకుని ఎవరు పొడుగని కొలుచుకుని నా ప్రాణం తీశారు. చాల్లే గానీ, ఆ దుప్పటి వాడికీ సగం ఇయ్యి.

కథ కంచికి, కాకులు కర్రకి,
కొర్రమీను కుండకి, కుర్రాళ్ళు కునుక్కి.