సూదమ్మ చేదు దుంపలు

అనగనగా ఒక అడవిలో ఆ ఏడు చినుకు పడలేదర్రా! పళ్ళు లేవు, పచ్చగడ్డి లేదు. జింక పిల్లలు ఆకలితో ఒకటే ఏడుపు. ఎక్కడ తవ్వినా చేదు దుంపలే. అవి తింటే నోరు మండి, కడుపులో మెలిపెట్టి, ప్రాణం మీదికొచ్చేది.

"ఈ చేదు ఎలాగైనా వదలగొట్టాలి!" అనుకుంది సూదమ్మ. సూదమ్మంటే ఒళ్ళంతా ముళ్ళుండే ఏదుపంది. దుంపలకి బురద పూసి చూసింది. అబ్బో, మంట! ఎండబెట్టి చూసింది. నాలుక చురుక్కుమంది. మూడోసారి ముక్కలు కోసి, బుట్టలో వేసి, ఏట్లో మిగిలిన పాయలో పెట్టింది. "ఐదు రోజులు నానాక చూద్దాం," అనుకుంది.

కొమ్మ మీద నుంచి కోటప్ప ఇదంతా చూశాడు. వాడొక కొండముచ్చు.

"ఏం చేస్తున్నావు సూదమ్మక్కా?"

"చేదు వదిలే ఉపాయం తమ్ముడూ! ఇంకా తేలలేదు. తేలాక అందరికీ చెబుతా," అంది ఆ పిచ్చితల్లి.

కోటప్పకి ఆత్రం ఆగితేగా! "ముందు చెప్పినవాడిదే పేరు!" అనుకున్నాడు. రెండో రోజే, సూదమ్మ అటు వెళ్ళగానే, బుట్ట ఎత్తుకుపోయాడు. సిగ్గు లేకపోతే సరి!

పెద్దబండ ఎక్కి గంతులేశాడు. "రండి రండి! చేదు దుంప తినే ఉపాయం కనిపెట్టాను! నేనే! నా సొంత బుర్రతో!"

అడవంతా పరుగెత్తుకొచ్చింది. జింక పిల్లలు బుట్టలో మూతి పెట్టబోయాయి.

"ఆగండి!" అన్నాడు ఎలుగు తాత. "కొత్త తిండి తెచ్చినవాడే ముందు తినాలి. అది మన అడవి కట్టుబాటు. కోటప్పా, ఇవి ఎన్నిరోజులు నానాయి? ఎన్నిసార్లు తిని చూశావు?"

"చా... చాలాసార్లు తాతా!" అన్నాడు కోటప్ప.

అంతలో సూదమ్మ రొప్పుతూ వచ్చింది. "తమ్ముడూ, తినకు! అవి రెండు రోజులే నానాయి! చేదు పోయిందో లేదో నాకే తెలీదు!"

అందరూ కోటప్ప వంక చూశారు. తినకపోతే దొంగతనం ఒప్పుకున్నట్టే. "ఈవిడకి కుళ్ళు తాతా!" అంటూ గుప్పెడు ముక్కలు నోట్లో కుక్కుకున్నాడు.

అయ్యబాబోయ్! పెదాలు బూరెల్లా వాచాయి. కళ్ళ వెంట నీళ్ళు. "నాది కాదు, అక్కదే! అక్కదే!" అని మొత్తుకున్నాడు. జింక తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నాయి.

సూదమ్మే వాణ్ణి ఏటికి తీసుకెళ్ళి నోరు కడిగింది. తర్వాత కొత్త ముక్కలు కోసి, ఐదు రోజులు నానబెట్టి, అందరి ముందూ తనే తింది. ఒక రాత్రి గడిచింది. సూదమ్మ నిక్షేపంగా ఉంది! పిల్లలంతా కడుపునిండా తిన్నారు.

"సూదమ్మకి జై!" అని అడవి హోరెత్తింది.

"ఉండండర్రా!" అంది సూదమ్మ. "ఐదు రోజులు సరిపోతాయని చూసింది నేను. రెండు రోజులు చాలవని తేల్చింది మాత్రం కోటప్ప. ఎవరడిగినా ఆ మాట వాడి పేరుతోనే చెప్పండి. ఒకరు కనుక్కున్నది నాదని నేను చెప్పుకోను."

అందరూ పకపకా నవ్వారు. కోటప్ప మాత్రం తలెత్తలేకపోయాడు.

నీతి: ఒకరి కష్టాన్ని నాదని చెప్పుకుంటే పేరు రాదు సరికదా, ఉన్న పరువూ పోతుంది.