కుండ వంచి చూసిన మంగాయమ్మ

గోదావరి నడుమ కొంగలంక అనే దీవిలో మంగాయమ్మ అనే పెరుగు వ్యాపారి ఉండేది. ఆమె చెయ్యి తోడేసిన పెరుగు ఎంత గట్టిదో, ఆమె చెవి అంత మెత్తనిది. ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ల మాటే ఆమె మాటయ్యేది. వంకాయ కూర వండాలని పొయ్యి వెలిగించేది. పక్కింటావిడ తొంగిచూసి "ఈ ఎండల్లో వంకాయేమిటే, వేడి చేస్తుంది" అంటే బీరకాయ అందుకునేది. ఇంకొకావిడ వచ్చి "బీరకాయా? చప్పిడి తిండి" అంటే అదీ పక్కన పెట్టేసేది. ఆ పూట ఆ ఇంట్లో అత్తాకోడళ్లిద్దరూ పెరుగన్నం తినేవారు.

"మా కోడలు బంగారం. రోజూ పెరుగన్నమే!" అని అత్త అచ్చియ్యమ్మ వీధి వీధంతా వినబడేలా మెచ్చుకునేది.

కూర సంగతైతే ఇంటితో పోయేది. కానీ లంకలను ఏలే దొరగారు ఒక ఆచారం పెట్టారు. కొత్త కట్టుబాటు ఏది కావాలన్నా లంకలో ఎవరైనా ప్రశ్న తేవచ్చు. చావడి అరుగు మీద మూతి సన్నని కుండ ఒకటి ఉండేది. ఇంటికొకరు గుప్పిట మూసుకుని వచ్చి అందులో ఒక గింజ వెయ్యాలి. కావాలంటే చింతగింజ, వద్దంటే కుంకుడుగింజ. ఏవి ఎక్కువ పడితే అదే శాసనం.

పోయిన ఏడాది ఒక బద్ధకస్తుడు "లంకలో కోడిపుంజులు ఉండకూడదు" అన్న ప్రశ్న తెచ్చాడు. వాటి కూతలకు తెల్లవారుజామున నిద్ర పాడవుతోందట! చావడికి వెళ్లే దారిలో మంగాయమ్మకు ఆఖరున ఎదురైనవాడు అతనే. ఇంకేముంది, చింతగింజ పడింది. ఒక్క గింజ తేడాతో పుంజులన్నీ పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాయి. లంక హాయిగా నిద్రపోయింది. పెట్టలు పొదిగీ పొదిగీ విసిగిపోయినా ఒక్క పిల్లా బయటికి రాకపోయేసరికి అప్పుడు మేలుకుంది.

"గింజ వేసేముందు పుంజు దేనికి పనికొస్తుందో అడగాలని ఒక్కరికీ తోచలేదుటే?" అంది అచ్చియ్యమ్మ. మంగాయమ్మ గబగబా కుండలు కడగడం మొదలుపెట్టింది.

ఈ ఏడాది ప్రశ్న తెచ్చినవాడు పేర్రాజు అనే వర్తకుడు. అతను కొత్తగా ఒక పెద్ద పడవ చేయించాడు. పైన పందిరి, లోపల కూర్చోవడానికి నున్నటి బల్లలు. "ఇకమీదట రేవులో పెద్ద పడవ ఒక్కటే నడవాలి. చిన్న పడవలన్నీ విప్పి వంటచెరకు చేసెయ్యాలి" అన్నది ప్రశ్న.

ఇది వంకాయా బీరకాయా సంగతి కాదు. మంగాయమ్మ రోజూ ఏరు దాటి, అవతలి ఒడ్డు సంతలో పెరుగు అమ్మితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. పడవ ఆగిందంటే పెరుగు పులుస్తుంది, పొయ్యి ఆరుతుంది.

ఆమె చెవి సంగతి లంకంతా ఎరిగినదే. ముందుగా పేర్రాజు వచ్చాడు.

"మంగాయమ్మక్కా! పందిరి కింద కూర్చుని మహారాణిలా వెళ్తావు. నీ పెరుగుకి ఎండ తగలదు, నీ తలకి వాన తగలదు. ఇంకేం కావాలి చెప్పు?"

"నిజమేనయ్యా!" అంది మంగాయమ్మ. చింతగింజ తీసి కొంగున ముడి వేసుకుంది.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, చిన్న పడవ నడిపే ఏడుకొండలు ఊడిపడ్డాడు.

"వదినా! ఆ పడవ ఊగే ఊపుకి నీ పెరుగు చల్లయి కూర్చుంటుంది. చల్ల నీకు, వెన్న పేర్రాజుకి! పైగా అంత పెద్ద పడవ చూస్తే గోదారమ్మకి కోపం రాదూ?"

"అమ్మో, అదీ నిజమే!" అంది మంగాయమ్మ. ముడి విప్పి కుంకుడుగింజ కట్టుకుంది.

పేర్రాజుకు ఈ కబురు తెలిసి మళ్లీ వచ్చాడు. అతను వచ్చాడని తెలిసి ఏడుకొండలు మళ్లీ వచ్చాడు. సాయంత్రానికి మంగాయమ్మ కొంగు నలిగి చింపిరిగుడ్డలా తయారైంది.

"చాలించవే! ఆ చెమటకి గింజలు మొలకెత్తేలా ఉన్నాయి" అంది అచ్చియ్యమ్మ.

మర్నాడు మంగాయమ్మ ఎప్పటిలాగే సంతకు వెళ్లింది. తెల్లవారితే గింజ వేసే రోజు. మనసంతా అక్కడే ఉన్నా నోరు మాత్రం తన పని తాను చేస్తోంది. "గట్టి పెరుగు! గేదె పెరుగు! లంక పచ్చిక మేసిన గేదమ్మా, మీగడ చూస్తే..."

"మాటలు తరవాత. ముందు కుండ వంచు" అంది బేరానికి వచ్చిన ఒక బక్కపలచటి ముసలామె.

మంగాయమ్మ కుండ వంచింది. పెరుగు గోడ కట్టినట్టు కదలకుండా నిలిచింది. ముసలామె తలాడించి కుండ పుచ్చుకుని వెళ్లిపోయింది.

మంగాయమ్మ మాత్రం వంచిన చేతులు వంచినట్టే ఉంచి నిలబడిపోయింది. 'ఔరా! ఇన్నేళ్లలో నా మాట విని పెరుగు కొన్నవాళ్లు ఒక్కరూ లేరే! నేనేమో మాట విని గింజ వేస్తున్నాను. తిన్నగా నిలబెడితే ప్రతి పెరుగూ గట్టిగానే కనిపిస్తుంది. వంచితేనే గదా నీళ్లు బయటపడేది!'

ఆ సాయంత్రం ఆమె పేర్రాజునూ ఏడుకొండలునూ ఒకేసారి పిలిచి అరుగు మీద పక్కపక్కన కూర్చోబెట్టింది.

"ఇవాళ మీ ఇద్దరి కుండలూ వంచి చూడాలి" అంది.

"మా దగ్గర కుండలెక్కడివి వదినా?" అన్నాడు ఏడుకొండలు.

"నిన్నంతా నా చెవి దగ్గరికి మాటలు మోసుకొచ్చారుగా, అవే! పేర్రాజూ, మంచి రోజున నీ పడవ బ్రహ్మాండంగా పోతుంది, ఒప్పుకున్నాను. చెడ్డ రోజు సంగతి చెప్పు. వేసవిలో ఇసుక మేటలు లేచి, మోకాలి లోతు నీళ్లే మిగులుతాయి. అంత పెద్ద పడవ అప్పుడెలా తేలుతుంది?"

పేర్రాజు కండువా ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే అక్కా."

"అప్పటికి చిన్న పడవలు పొయ్యిలో బూడిదైపోయి ఉంటాయి కదయ్యా! బూడిద మీదెక్కి ఏరు దాటనా?"

ఏడుకొండలు పకపకా నవ్వాడు.

"నవ్వకు, నీ కుండా వంచుతున్నాను. గాలివాన పడితే నీ పడవ ఏం చేస్తుంది?"

"గాలివానలో నేను గట్టు దిగను వదినా. బోల్తా కొడుతుంది."

"నీ పెళ్లానికి నెలలు నిండాయి. మంత్రసాని అవతలి ఒడ్డున ఉంది. ఆ రోజే గాలివానైతే?"

ఏడుకొండలు నవ్వు ఆగిపోయింది. నేలకేసి చూస్తూ, "పేర్రాజుగారి పడవైతే... దాటొచ్చేమో" అని గొణిగాడు.

"ఇదేమిటే, రెండు కుండల్లోనూ నీళ్లేనా!" అంది అచ్చియ్యమ్మ.

"రెంటిలోనూ అడుగున గట్టి పెరుగుంది అత్తయ్యా. ఈ ప్రశ్నేమో ఒకటి ఉంచుకుని రెండోది పారబొయ్యమంటోంది. విప్పేసిన పడవ మళ్లీ తేలుతుందా? నాది కుంకుడుగింజే."

ఆ మాట రేవు నుంచి బట్టలు ఉతుక్కుని వస్తున్న ఆడవాళ్ల చెవిన పడింది. "ఎవరు చెప్పారే నీకు?" అని అడిగారు.

"ఎవరూ చెప్పలేదు. వంచి చూశాను. మీరూ వంచి చూసుకోండి" అంది మంగాయమ్మ. అలా అనడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ పూట కొంగలంకలో ప్రతి ఇంటా వాదనే. చెడ్డ రోజున ఏమవుతుందో అందరూ అందరినీ అడిగారు.

తెల్లవారింది. మంగాయమ్మ చావడికి బయలుదేరేసరికి కుడివైపు పేర్రాజు, ఎడమవైపు ఏడుకొండలు ఆఖరి మాట తమదే కావాలని పోటీలు పడి పరిగెత్తుకొచ్చారు. ఏడుకొండలుకి ఆమె చెవి మీద ఇంకా నమ్మకం కుదరలేదు మరి! మంగాయమ్మ దీపపు వత్తుల పత్తి తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకుంది.

"అక్కా, ఒక్క మాట!"

"ఏమిటీ? వినబడటం లేదయ్యా!" అని నవ్వుతూ వెళ్లి, కుంకుడుగింజ కుండలో వేసింది. ఈసారి దారిలో గింజ మార్చలేదు.

దొరగారి గుమాస్తా కుండ బోర్లించాడు. నల్లగా నిగనిగలాడుతూ కుంకుడుగింజలు అరుగంతా పరుచుకున్నాయి. చింతగింజలు వెతుక్కోవలసి వచ్చింది. పేర్రాజు ముఖం వాడిపోయింది. జనం ఈలలు వేశారు.

"ఆగండి!" అంటూ మంగాయమ్మ అరుగెక్కింది. "మేము వద్దన్నది పడవలు విప్పడాన్ని. పెద్ద పడవ మాకు కావాలి. ప్రశ్న ఎవరైనా తేవచ్చుగా, ఇదిగో నా ప్రశ్న. పెద్ద పడవా నడవాలి, చిన్న పడవలూ ఉండాలి. ఏమంటారు?"

గుమాస్తా పేర్రాజు వైపు చూశాడు. కొత్త పడవ ఊరికే ఒడ్డున ఎండటం కంటే నయమే కదా! పేర్రాజు తలూపాడు. జనం గింజల కోసం ఇళ్లకు పరిగెత్తారు. ఈసారి కుండ బోర్లిస్తే ఒక్క కుంకుడుగింజ కూడా లేదు. డప్పులు మోగాయి. పెద్ద పడవ ముందు, దాని వెనక బాతుపిల్లల్లా చిన్న పడవలు, అన్నిటికంటే ముందు పందిరి కింద పెరుగు కుండలతో మంగాయమ్మ. ఊరేగింపు అవతలి ఒడ్డు చేరేదాకా లంక కేరింతలు కొడుతూనే ఉంది.

కొద్దిరోజులకే గాలివాన పడింది. ఆ రోజునే ఏడుకొండలు భార్యకు నొప్పులు వచ్చాయి. పెద్ద పడవ ఆమెను క్షేమంగా దాటించింది. ఆడపిల్ల పుట్టింది. వేసవిలో ఏరు ఎండి, పెద్ద పడవ ఇసుక మేట మీద ఏనుగులా చతికిలబడింది. పేర్రాజు పంచె పైకెగ్గట్టి, ఏడుకొండలు చిన్న పడవలో పెరుగు కుండల మధ్య ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏం పేర్రాజూ, అప్పటి సంగతి ఇప్పుడే వచ్చినట్టుందే!" అంది మంగాయమ్మ.

అందరికంటే గట్టిగా నవ్వినవాడు పేర్రాజే.

ఆ మరుసటి ప్రశ్న కూడా మంగాయమ్మే తెచ్చింది. పుంజులు తిరిగి లంకకు వచ్చాయి. మర్నాడు తెల్లవారుజామున అవి ఎలుగెత్తి కూస్తుంటే, బద్ధకస్తుడు ఒక్కడే దుప్పటి ముసుగు తన్నాడు.

నీతి: తియ్యగా చెప్పిన మాటకు తలూపే ముందు, అది చెడ్డ రోజున ఎలా నిలుస్తుందో అడిగి చూసుకున్నవారే సరైన నిర్ణయం చేస్తారు.