తీపి ఎక్కువైన పిండి

రత్నమాంబ టీచర్ని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆవిడ ముందు అనే మాట ఒకటే. "చేతులు కడుక్కుని రా." అడిగింది పిండి గురించి కానీ, మొగుడి గురించి కానీ, మోక్షం గురించి కానీ, జవాబు అక్కడి నుంచే మొదలయ్యేది. ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఏళ్ళు హోమ్ సైన్సు చెప్పి రిటైరయ్యాక, కాకినాడలో తన ఇంటి వంటగదిలోనే మాబోటి వాళ్ళకి బేకింగు నేర్పేవారు. ఉపన్యాసమంటే ఆవిడకి ఒళ్ళుమంట. "చెప్పడం కాలేజీలో అయిపోయింది, ఇక్కడ చెయ్యడమే" అనేవారు.

నేను ఆవిడ దగ్గర పదకొండేళ్ళు ఉన్నాను. నా పేరు వరాలు. నాకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. పదకొండేళ్ళలో మెత్తటి రొట్టె చెయ్యడం వచ్చింది గానీ ఆ రెండూ మారలేదు. అందుకని ఈ సంగతి చెబుతూ మధ్యలో నాకు కోపం వస్తే పాఠకులు సర్దుకోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటాక తాయారు వచ్చింది. పూర్తి పేరు మంగతాయారు. మా అందరిలోకీ చెయ్యి మంచిది, నోరు లేనిది. భర్త ఓడ మీద పని చేస్తాడు, ఏడాదిలో తొమ్మిది నెలలు సముద్రం మీదే. ఎనిమిదో క్లాసు చదివే కూతురితో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో అద్దెకుంటుంది. ఇంట్లోనే ఈస్ట్ వేసి, పాలూ వెన్నా పోసి తియ్యటి రోల్స్ చేస్తుంది. వేలితో నొక్కి వదిలితే మళ్ళీ పైకి లేచేంత మెత్తగా ఉంటాయి. ఆదివారం పూట నలభై ఇళ్ళ వాళ్ళు వాటికోసం ఎదురు చూసేవారు. పెళ్ళయ్యాక తాయారుకి "ఇది నాది" అని చెప్పుకోవడానికి దొరికిన పని అదొక్కటే.

ఆవేళ ఆమె చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాగితం నేను లాక్కుని చదివాను.

"మా ఫ్లాటు నుండి తరచుగా వెలువడుతున్న కల్లు వాసన వలన తోటి నివాసులకు కలిగిన ఇబ్బందికి క్షమాపణ కోరుతూ, ఇకమీదట అటువంటి పదార్థములు ఇంట తయారు చేయనని హామీ ఇస్తున్నాను."

కింద సంతకానికి చోటు.

చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈస్ట్ వేసిన పిండి పొంగేటప్పుడు పుల్లటి వాసన వస్తుంది, నిజమే. అది కొందరికి కల్లు ముంతని గుర్తు చేస్తుంది, అదీ నిజమే. కానీ గుర్తు రావాలంటే ముందు కల్లు ముంతతో పరిచయం ఉండాలిగా! అయినా వాళ్ళ ఉద్దేశం వాసన గురించి కాదు. మగమనిషి ఊళ్ళో లేని ఇంట్లో కల్లు వాసనేమిటన్న మాట మెట్లెక్కి మెట్లు దిగి అయిదంతస్తులూ తిరిగింది. చివరికి స్కూలు బస్సు దగ్గర ఎవరో "మీ అమ్మ కల్లు అమ్ముతుందా?" అని ఆ పిల్లనే అడిగారు. ఆ పిల్ల ఆరోజు నుంచీ లిఫ్టు ఎక్కడం మానేసింది.

"నాలుగింటికి మా అపార్ట్‌మెంటు కమిటీ మీటింగు టీచర్," అంది తాయారు. "ఈలోగా సంతకం పెట్టకపోతే ఇంటి ఓనరు చేత ఖాళీ చేయిస్తారట. నేనెవరినీ ఒక్క మాట అనలేదు. ఎంత తియ్యగా ఉన్నా వాళ్ళ నోళ్ళు ఎందుకు మూతపడటం లేదు? సంతకం పెట్టేసి ఈ గొడవ వదుల్చుకోనా?"

టీచర్ కాగితం వైపు చూడనైనా లేదు. "చేతులు కడుక్కుని రా" అన్నారు.

బల్ల మీద రెండు బేసిన్లు పెట్టారు. "ఈమధ్య నువ్వు ఇంట్లో ఎలా చేస్తున్నావో అలాగే చెయ్యి, ఏమీ మార్చకు. నా బేసిన్లో నేను నా తీరున చేస్తాను. ఇద్దరికీ ఒకటే మైదా, ఒకటే పాలు, ఒకే డబ్బాలో ఈస్ట్." అంటూనే ఫోను తీసి ఆ అపార్ట్‌మెంటు సెక్రటరీ పేర్రాజు గారికి కలిపారు. "సంతకం సంగతి మా ఇంట్లోనే తేలుతుందండీ. మూడున్నరకి మీరు ఇటు వచ్చి తీసుకెళ్ళండి" అని పెట్టేశారు. నాకు మతిపోయింది. ఈవిడ కూడా ఆ సంతకం పెట్టించేలాగే ఉన్నారే అనుకున్నాను.

ఇద్దరూ పాలు కాచి చల్లార్చారు. పెరుగు తోడు పెట్టడానికి చూసుకున్నట్టే చిటికెన వేలు ముంచి, గోరువెచ్చన అయ్యాక ఈస్ట్ కలిపారు. రెండు గిన్నెల్లోనూ నురగ ఒకేలా వచ్చింది. అరకిలో మైదాకి టీచర్ నాలుగు చెంచాల పంచదార వేశారు. తాయారు కూడా నాలుగు చెంచాలు వేసింది. ఆ తర్వాత ఒక కప్పు వేసింది. కాసేపు ఆలోచించి, డబ్బాలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి అదీ పోసింది.

"అయ్యో, అదేం హల్వానటే!" అన్నాను.

"వరాలూ, ట్రేకి వెన్న రాయి" అన్నారు టీచర్. అంటే నోరు మూసుకోమని. మూసుకున్నాను.

ఉప్పు, వెన్న వేసి ఇద్దరూ అరచేత్తో నొక్కి నొక్కి పావుగంట మర్దించారు. తడిగుడ్డలు కప్పి, ఎండ పడే కిటికీ పక్కన రెండు బేసిన్లూ పెట్టారు. ఇక చేసేదేమీ లేదు, కూర్చోవాలి. ఆ కూర్చున్న గంటలో తాయారు చేత నేనే అంతా చెప్పించాను.

మొదటిసారి పేర్రాజు గారు తలుపు కొట్టి వాసన గురించి అడిగినప్పుడు, తాయారు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పళ్ళెంలో ఆరు రోల్స్ పెట్టిందట. ఆయన ఆరూ తిని, "బావున్నాయమ్మా, ఇంకాస్త తీపి పడితే ఆ పులుపు వాసన కూడా అణిగిపోతుంది" అన్నాడట. ఈమె నమ్మింది. తీపి పెంచింది. నెల తిరక్కుండా కింద ఫ్లాటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడకీ ఒక పళ్ళెం వెళ్ళింది. ఇంకొంచెం తీపి పెరిగింది. ఎవరు ఒక మాటన్నా వాళ్ళింటికి ఒక పళ్ళెం, తన పిండిలోకి ఒక గుప్పెడు పంచదార. తిన్న ప్రతి ఒక్కరూ మూతి తుడుచుకుని, కమిటీకి ఇచ్చిన ఫిర్యాదు మీద సంతకం పెట్టారు.

"ఏడవలేవూ? అరవలేవూ? తలుపు మొహం మీద వెయ్యలేవూ?" అన్నాను.

"మనం మంచిగా ఉంటే వాళ్ళకే తెలుస్తుందనుకున్నాను అక్కా," అంది.

గంట దాటాక టీచర్ తన బేసిన్ మీద గుడ్డ తీశారు. పిండి అంచు దాటి నిండుగా పొంగింది. తాయారు గుడ్డ తీసింది. పెట్టింది పెట్టినట్టే ఉంది. వేలితో నొక్కితే ఆ గుంట అలాగే ఉండిపోయింది.

"ఇంట్లో కూడా ఇంతే టీచర్. ఇదివరకు గంటలో లేచేది. ఇప్పుడు నాలుగు గంటలు, అయిదు గంటలు పడుతోంది. ఒక్కోసారి పొద్దున్న కలిపింది సాయంత్రం దాకా కిటికీలోనే ఉంటుంది."

"అయిదు గంటలు కిటికీలో కూర్చుంటే అది ఏ వాసన వస్తుంది తాయారూ?" అని అడిగారు టీచర్.

తాయారు వంగి వాసన చూసింది. టీచర్ బేసిన్లో పాలవాసన, వెన్నవాసన, వాటి వెనక కాస్త పులుపు. తన బేసిన్లో అప్పుడే ఘాటు మొదలైంది. ఆమె బల్ల మీది పంచదార డబ్బా వైపు చూసింది. దగ్గరికి వెళ్ళి దాని మూత గట్టిగా బిగించింది. టీచర్ వివరించలేదు. తన పిండి తీసి, ఉండలు చేసి, ట్రేలో ఒకదానికొకటి ఆనించి సర్దుతూ కూర్చున్నారు.

మూడు దాటాక ట్రే ఓవెన్లోకి వెళ్ళింది. మూడుంబావు కల్లా ఇల్లంతా కమ్మటి వాసన. పైన వెన్న రాసి పళ్ళెంలో పెట్టేసరికి పేర్రాజు గారు చెప్పులు విప్పి లోపలికొచ్చారు. తెల్లటి లాల్చీ, జేబులో రెండు పెన్నులు, పెద్దమనిషి. నిజం చెప్పాలి, ఆయన కంఠంలో కోపం అనేది లేదు. వచ్చీ రాగానే ముక్కు ఎగబీల్చి, కిటికీ వైపు వేలు చూపించారు.

"ఇదిగోండి టీచరు గారూ, ఈ వాసనే! నేను అబద్ధం చెప్పానంటారా?"

"లేదండీ, మీ ముక్కు నిజమే చెప్పింది. కూర్చోండి, ముందు ఇది తినండి."

ఆయన ఒక రోల్ విరిచారు. పోగులు పోగులుగా విడింది. రెండోది అడగకుండానే తీసుకున్నారు. మూడోది కూడా.

"ఆహా, దూదండీ! ఇందులో ఆ వాసన ఊసే లేదే."

"లేదుగా?"

"అస్సలు లేదండి."

"అయితే తాయారు కూడా ఇక ఇలాగే చేస్తుంది. ఆ కాగితంతో మీకు పని లేదన్నమాట."

పేర్రాజు గారు నవ్వి వేళ్ళు తుడుచుకున్నారు. "అదెలాగండీ? వాసన సంగతి వేరు, కాగితం సంగతి వేరు. కమిటీలో అందరం అనుకున్నాక వెనక్కి పోతే మా మాటకి విలువేముంటుంది? అయినా ఈ అమ్మాయి బంగారు తల్లి. ఏనాడూ ఎదురు చెప్పలేదు. పెట్టేస్తుంది. ఏమ్మా?"

ఆ "ఏమ్మా" అన్న తీరుకి ఆ వేడి ట్రే తీసి ఆయన ఒళ్ళో పెట్టాలనిపించింది నాకు. ఎలా ఆగానో ఆ భగవంతుడికే తెలియాలి. టీచర్ మాత్రం పళ్ళెంలో మిగిలిన రోల్స్ మీద వెన్న సర్దుతున్నారు, అదేదో పెద్ద పనైనట్టు.

తాయారు కిటికీ దగ్గరికి వెళ్ళింది. తన బేసిన్ మీద గుడ్డ పూర్తిగా తీసేసి, ఆ లేవని పిండిని చూసింది. వెనక్కి వచ్చి చెయ్యి చాపింది.

"పెన్ను ఇవ్వండి."

ఆయన సంతోషంగా ఇచ్చారు. తాయారు కాగితం బల్ల మీద పరిచి, టైపు చేసిన ప్రతి అక్షరం మీదా అడ్డంగా గీత కొట్టింది. కింద ఉన్న ఖాళీలో, మైదా అంటిన వేళ్ళతో, నింపాదిగా రాసింది. రాసింది పైకి చదివింది కూడా. అంత గట్టిగా ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"నా ఇంట్లో వచ్చేది రొట్టె పిండి వాసన. రేపు కూడా వస్తుంది. చెయ్యని తప్పుకి నేను క్షమాపణ చెప్పను."

కింద సంతకం పెట్టింది, ఇంటిపేరుతో సహా. పేర్రాజు గారు కాగితం కోసం చెయ్యి చాపారు. తాయారు పెన్ను మాత్రం ఇచ్చింది.

"ఇది మీకు ఇవ్వనండి. నాలుగింటికి అందరి ముందూ నేనే చదువుతాను."

"చూడమ్మా, తొందరపడుతున్నావ్. ఇల్లు ఖాళీ చెయ్యమంటారు మరి."

"అనమనండి. ఏ తప్పుకి చెయ్యమంటున్నారో కాగితం మీద రాసి, కింద మీరందరూ సంతకాలు పెట్టి ఇవ్వమంటాను. కల్లు అని రాయండి. అప్పుడు ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలుసు."

పేర్రాజు గారు టీచర్ వైపు చూశారు. టీచర్ ఆయనకి చేతులు తుడుచుకోవడానికి శుభ్రమైన గుడ్డ అందించారు. ఆయన చెప్పులు వేసుకుని, మొదటిసారి కుడిదీ ఎడమదీ తారుమారు చేసుకుని, సర్దుకుని వెళ్ళిపోయారు. నేను గట్టిగా నవ్వాను. నవ్వకూడదని తెలిసే నవ్వాను.

గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తాయారు చేతులు కడుక్కుంది, కొంగుతో మొహం తుడుచుకుంది, కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినదానిలా వెనక్కొచ్చి, అలవాటు కొద్దీ బల్ల మీది రోల్స్ పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

"మీటింగులో పెద్దవాళ్ళుంటారు టీచర్. ఉత్త చేతులతో ఏం వెళ్తాను..."

అప్పటికి టీచర్ తాయారు బేసిన్ ముందేసుకుని, పంచదార ఒక్క పలుకు లేని మైదా, కొత్తగా నానిన ఈస్ట్ పోసి, ఆ తియ్యటి ముద్దని మళ్ళీ మర్దిస్తున్నారు. చెయ్యి ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"ఆ పళ్ళెం అక్కడ పెట్టు తాయారూ. ఇన్నాళ్ళూ ఊరందరికీ పెట్టావు, పొద్దుటి నుంచీ నువ్వొక్కటైనా తిన్నావా? వెళ్ళి చదివిరా. నువ్వొచ్చేసరికి ఇదీ లేస్తుంది."