ఎండకి మూతబడే చెవులు

2018, రోహిణి కార్తె. పల్నాడులో రోళ్లు పగిలే ఎండలు.

మా డప్పు మేళంలో సామేలుని మించిన చెయ్యి లేదు. అలాంటివాడు ఆ ఏడు ఎన్నడూ లేనంతగా ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఊరూరా మేళం పరువు తీశాడు. మంట దగ్గర డప్పు కాచుకుని ఎండలో కాసేపు కొట్టేసరికి వాడికి ఏమీ వినపడదు. మేళమంతా దరువు మార్చినా వాడు పాత దరువే కొడుతూ ముందుకు పోతాడు. నీడన కూచుని నెత్తిన నీళ్లు కుమ్మరించుకుంటే, కాసేపటికి మళ్లీ అన్నీ వినపడతాయి.

"తాగొచ్చాడు" అన్నారు చూసినవాళ్లు.

"తాగుడు కాదు, పొగరు. మన దరువు ఆయనకి ఆనదు" అన్నాడు మేళంలో పోలయ్య.

మా గురువు యల్లమంద మాత్రం వాణ్ణి పట్నం ఆసుపత్రికి పంపాడు.

అక్కడ చల్లటి గదిలో కూచోబెట్టి పరీక్ష చేస్తే వాడికి చీమ చిటుక్కుమన్నా వినపడింది. ఏ రోగమూ లేదు పొమ్మన్నారు. ఒక డాక్టరమ్మ మాత్రం వాణ్ణి ఎండలో మెట్లెక్కించి దింపి, ఒళ్లు కాగాక మళ్లీ పరీక్ష చేసింది. ఈసారి చెవి దగ్గర అరిచినా వాడు పలకలేదు. ఆమె నెత్తురు తీసి ఎక్కడికో పంపింది. పక్క ఊళ్లో మేం కొట్టాల్సిన అంకమ్మ జాతర రేపనగా వాణ్ణి పిలిచి చెప్పింది.

"లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలుంటాయి నాయనా. పట్టిన శబ్దాన్ని అవి నరానికి అందించాలి. ఆ అందించే చోట, కణం పొరని అంటిపెట్టుకుని ఒక ప్రోటీన్ ఉంటుంది. పేరు ఒటోఫెర్లిన్. దాన్ని తయారుచేసే జన్యువు నీలో కాస్త తేడాగా ఉంది. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ అలాగే వచ్చింది. అందుకని నీ ఒళ్లు వేడెక్కితే ఆ ప్రోటీన్ పని మానేస్తుంది. చల్లబడితే మళ్లీ చేస్తుంది."

"మందు?"

"ఇప్పటికి లేదు. ఒళ్లు వేడెక్కనివ్వకు."

సామేలు తిరిగొచ్చి అదంతా చెప్పి, తన డప్పు గురువు కాళ్ల దగ్గర పెట్టాడు.

"నేను మానేస్తా మావా. ఎండకి చెవుడొచ్చేవాడు మేళానికేం పనికొస్తాడు?"

యల్లమంద డప్పు తీసి వాడి చేతికిచ్చాడు. "రేపు జాతర. పొద్దున్నే రా" అన్నాడు, అంతే.

అంకమ్మ ఘటం మిట్టమధ్యాహ్నం కదలాలని ఆ ఊరి ఆచారం. ముందు డప్పు నడవందే ఘటం కదలదు. చొప్పమంట వేసి డప్పులు కాస్తున్నాం. సామేలు మంటకి దూరంగా, వేపచెట్టు నీడన నిలబడ్డాడు. జాతర పెద్ద వెంకటరత్నం వచ్చాడు.

"ఏరా యల్లమందా, విన్నాలే. చెవిటోడి ముందు శంఖం ఊదొద్దన్నారు పెద్దలు. నువ్వు చెవిటోడి చేతికే డప్పిచ్చావంటగా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"వాణ్ణి ఇంటికి తోలి మిగతావాళ్లు లేవండి. వేళ మించిపోతోంది."

యల్లమంద తన డప్పు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఖణేల్మంది. పక్కనున్న నీళ్లబిందె ఎత్తి ఆ తోలు మీద గుమ్మరించాడు. మళ్లీ కొట్టాడు. తడిబట్ట మీద కొట్టినట్టు దబ్బుమంది.

"పిచ్చెక్కిందా ఏందిరా?"

"ఇక ఇది మోగదయ్యా. పారెయ్యనా?"

"పారెయ్యటమేంది? ఆరబెట్టి మళ్లీ కాచుకో."

"సరే, మీరన్నట్టే. ఆరేదాకా కూచుంటాం."

"ఎంతసేపు?"

యల్లమంద తలెత్తి ఎండని చూశాడు. "అది దిగేదాకా."

వెంకటరత్నం మొహం నల్లబడింది. "అమ్మవారిని ఆపుతావా నువ్వు?"

"అమ్మకేం తొందర లేదయ్యా. తొందరంతా మీకే."

"ఇంకో మేళాన్ని పిలుస్తా."

"పిలవండి."

పిలిచాడు. ఆ రోజు చుట్టుపక్కల మేళాలన్నీ ఏదో ఒక జాతరలోనే ఉన్నాయి. ఫోను జేబులో పెట్టుకుని పందిట్లోకి పోయాడు. పోలయ్య మా అందరికీ వినపడేట్టు గొణిగాడు: "ఈ ముసలోడు డప్పు తడపలా, మన నోటికాడ కూడు తడిపాడు." గొణుగుతూనే తన డప్పు బోర్లించి దాని పక్కనే చతికిలబడ్డాడు.

ఎండ దిగింది. నీడలోనే పడున్న యల్లమంద డప్పు ఇంకా బిగుసుకోలేదు. సామేలు మంట దగ్గరికి రాకుండా, ఆయనే వాడి డప్పు కాచి తెచ్చి వాడి భుజాన వేశాడు. వాడి నెత్తికి తడిగుడ్డ చుట్టాడు. వాణ్ణి అందరికంటే ముందు నిలబెట్టి, తను ఉత్త చేతుల్తో పక్కన నడిచాడు.

ఘటం కదిలింది. వెనక నుంచి వెంకటరత్నం కేకేశాడు.

"ఇదే ఆఖరు రా! మళ్లీ ఈ ఊరి పొలిమేర తొక్కితే చూడండి!"

యల్లమంద శిష్యుడి వైపు తిరిగాడు. "వినపడిందా?"

"వినపడింది మావా."

"అయితే నీ చెవులు బాగానే ఉన్నాయి. దరువు మార్చు."

మరుసటి ఏడు అంకమ్మ జాతరకి వేరే ఊరి మేళం వచ్చింది. ఆ ఊరివాళ్లు మమ్మల్ని మళ్లీ పిలవలేదు.