తుమ్మలవంకకు అడ్డుకట్ట

ఎండలు మండే కొండల నడుమ ఎర్రకోన అనే అడవి ఉండేది. అందులో జింకలు, కుందేళ్లు, నెమళ్లు, ఏదుపందులు, అడవిపందులు బతికేవి. వాటన్నిటికీ నీళ్లిచ్చేది ఒక్కటే వంక. దాని పేరు తుమ్మలవంక.

ఆ వంక పెద్దదేమీ కాదు. కొండరాళ్ల సందులో సన్నని ఊటగా పుట్టి పై మడుగును నింపేది. అక్కడి నుంచి రాళ్ల మీదుగా దూకి, ఇసుక మలుపు తిరిగి, కింది మడుగుకు చేరేది. ఆ తర్వాత ఇసుకలో ఇంకిపోయేది.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. వంక దారంలా సన్నబడింది. పై మడుగు దగ్గర ఉండే కోరయ్య అనే అడవిపందికి భయం పట్టుకుంది. నీళ్లన్నీ కిందికి పోతే తన గతేమిటి అనుకుంది. రాళ్లు దొర్లించి, బురద మెత్తి, వంకకు అడ్డుకట్ట వేసింది.

కింది మడుగు ఎండిపోయింది. చుక్కి అనే తల్లిజింక తన పసిపిల్లను వెంటబెట్టుకుని పైకి వచ్చింది.

"కోరయ్య మామా, నీళ్లు లేక నాకు పాలు పడటం లేదు. పిల్ల అల్లాడిపోతోంది. కాసిన్ని నీళ్లు వదులు."

"ఊట పుట్టింది నా ఇంటి దగ్గర. ఇవి నా నీళ్లు. పో!" అని కోరయ్య కోరలు చూపించింది.

చుక్కి ఏడుస్తూ వెనుదిరిగింది. ఇసుక మలుపు దగ్గర ముళ్లవ్వ అనే ముసలి ఏదుపంది ఎదురైంది.

"ఊరుకోవే తల్లీ. ఇక్కడ తుంగగడ్డి ఇంకా పచ్చగానే ఉంది, చూడు. అంటే ఇసుక కింద తడి ఉన్నట్టే. చెలమ తవ్వుదాం, పట్టు," అంది ముళ్లవ్వ.

ముళ్లవ్వ గోళ్లతో తవ్వింది. కుందేళ్లు ఇసుక తోడాయి. చుక్కి గిట్టలతో గీరింది. గుంత లోతయ్యేసరికి అడుగున నీరు ఊరింది. అందరూ పక్కకు జరిగి, మొదటి గుక్క పిల్లతల్లి చుక్కి చేత తాగించారు.

పైన కోరయ్య మడుగులో నీరు కదలక పాచి పట్టింది. కోరయ్య అందులోనే పొర్లడంతో కుళ్లి కంపు కొట్టింది. ఆ నీళ్లు తాగి కోరయ్య జబ్బుపడింది. కాళ్లు తడబడుతుండగా, తల దించుకుని చెలమ దగ్గరికి వచ్చింది.

"తరిమెయ్యండి!" అని అరిచాయి కుందేళ్లు.

చుక్కి తన పిల్లను చూసుకుంది. తర్వాత మెల్లగా దారి ఇచ్చింది.

"తాగు మామా. దాహమంటే ఏమిటో నాకు తెలుసు."

కోరయ్య కడుపు నిండా తాగింది. ఒంట్లో కాస్త సత్తువ రాగానే నేరుగా పైకి వెళ్లి, అడ్డుకట్ట రాళ్లను పెకలించడం మొదలుపెట్టింది. ఒక పెద్ద రాయి దగ్గర దాని కోర ఫట్టున విరిగిపోయింది. నోటి నుంచి రక్తం కారింది. అయినా ఆగలేదు. ముందు మురికినీరు కొట్టుకుపోయింది. దాని వెనకే తేటనీరు పారింది.

సాయంత్రానికి కింది మడుగులోకి నీళ్లు వచ్చాయి. జింకపిల్ల అందులో దిగి గంతులేసింది. కోరయ్య మాత్రం దగ్గరికి రావడానికి మొహం చెల్లక, దూరంగా నిలబడి చూస్తోంది.

"అక్కడే నిలబడ్డావేం మామా? ఇలా రా," అని పిలిచింది చుక్కి.

నీతి: అందరి నీటిని తనకే కట్టిపెట్టుకున్నవాడు చివరికి తానే దాహంతో అల్లాడతాడు. చేతనైనంతలో పంచుకుని, కలిసి పాటుపడేవారు ఎంతటి కరువునైనా దాటుతారు.