విప్పిన చెయ్యి

పాలిటెక్నిక్‌లో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడనైన నేను ఒక మోటారు సైకిళ్ల మరమ్మతు దుకాణంలో ఎందుకు చేరవలసి వచ్చిందో ఇక్కడ చెప్పను. అది మా ఇంటి విషయం. ఆ దుకాణాన్ని ఎందుకు విడిచిపెట్టానో కూడా చెప్పాలని లేదు. అక్కడ ఒక రోజు నేను చూసినదాన్ని మాత్రమే చెబుతాను.

దుకాణం మదనపల్లెలో, బస్టాండు వెనుక సందులో ఉండేది. యజమాని పేరు ఫకృద్దీన్. ఊరంతా ఆయనను ఉస్తాద్ అనే పిలిచేది. అప్పటికే అరవై దాటిన సన్నటి మనిషి. రోజంతా ఇంజన్ల మధ్య కూర్చున్నా ఆయన తెల్ల లుంగీ మీద మరక పడగా నేను చూడలేదు.

ఆ కాలంలో తాలూకా మొత్తం మీద వంద బండ్లు ఉండేవి కావు. జావాలు, లాంబ్రెట్టాలు, నాలుగైదు బులెట్లు. ఏ బండి సందు మొదట్లోకి వచ్చినా ఉస్తాద్ తల ఎత్తకుండానే ఎవరిదో చెప్పేవాడు.

“డాక్టరమ్మ వస్తాండాది. ప్లగ్గు కడగల్ల.”

డాక్టరమ్మే వచ్చేది. ప్లగ్గే కడగవలసి వచ్చేది. నేను మొదటి నెలంతా ఆయన పొరబాటు పడతాడేమోనని కాచుకొని ఉన్నాను. పడలేదు.

నన్ను బాధపెట్టింది మరొకటి. ఆ దుకాణంలో ఒక నియమం ఉండేది. ఏ బండిని ఎవరు విప్పితే వారే బిగించాలి. మరొకరు చెయ్యి వేయకూడదు. నాకంటే ముందునుంచి అక్కడ పనిచేసే చెంగల్రాయుడు ఒకసారి జ్వరంతో నాలుగు రోజులు రాలేదు. అతను విప్పిన వెస్పా ఆ నాలుగు రోజులూ అలాగే పడి ఉంది. బండి యజమాని రోజూ వచ్చి అరిచి పోయాడు. ఉస్తాద్ రోజూ అతనికి టీ తెప్పించాడు. బండిని మాత్రం ముట్టుకోలేదు.

ఈ నియమం వల్ల వారానికి ఎన్ని గంటలు వృథా అవుతున్నాయో నేను నోటు పుస్తకంలో లెక్క కట్టాను. పట్టిక గీశాను. ఒక ఉదయం దాన్ని ఉస్తాద్ ముందు పెట్టాను.

“దీనికి కారణం ఏమిటి ఉస్తాద్? ఎవరు బిగించినా నట్టు నట్టే కదా?”

ఆయన ముందు చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. అప్పుడు పుస్తకం అందుకొని చాలాసేపు చూశాడు. ఆయనకు తెలుగు చదవడం రాదని నాకు అప్పటికి తెలియదు.

“ముత్యాల మాదిరి ఉండాయి నాయనా అచ్చరాలు” అని తిరిగి ఇచ్చాడు. “టీ తాగినావా?”

చెంగల్రాయుడు కిరసనాయిలు పళ్లెం దగ్గర నుంచి నవ్వాడు. “చెప్పు సామీ, తాగినావా? అది గూడా పట్టికలో రాసుకో.”

నేను మళ్లీ అడగలేదు. కానీ ఆ నియమం తప్పని నిరూపించాలనే పట్టుదల నాలో ఉండిపోయింది.

అది వెయ్యిన్నీ తొమ్మిది వందల అరవై ఏడు, మార్చి నెల, ఒక శుక్రవారం. ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. చెంగల్రాయుడు అన్నానికి ఇంటికి వెళ్లాడు. దుకాణంలో నేను ఒక్కడినే ఉన్నాను. హెల్త్ ఇన్‌స్పెక్టరు దేవదానం గారు టీకా మందుల పెట్టె చంకన పెట్టుకొని వచ్చారు.

“నా జావా అయిందా? నల్లగుట్టపల్లెలో నలభై మంది పిల్లలు కూర్చొని ఉన్నారు. ఐసు కరిగిపోతోంది.”

ఆయన జావాను ఉదయం చెంగల్రాయుడు విప్పాడు. వెనుక బ్రేకు మార్చాడు. చక్రం తిరిగి ఎక్కించి ఉంది. నేను వంగి చూశాను. ఇరుసు గట్టిగా ఉంది. నట్లన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. చక్రం తిప్పాను, ఊగకుండా తిరిగింది. పెడలు తొక్కాను, పట్టింది. గొలుసు మీది రేకు ఒక్కటే మిగిలి ఉంది. దాన్ని బిగించాను.

“బండి సిద్ధంగా ఉంది సార్.”

“ఇన్నాళ్లకు ఈ దుకాణంలో మనిషి బాధ తెలిసినవాడు ఒకడు వచ్చాడయ్యా” అని ఆయన కిక్కు కొట్టి వెళ్లిపోయారు.

నేను నోటు పుస్తకం తీసి సమయం వేసుకున్నాను. ఎనిమిది నిమిషాలు.

ముందు చెంగల్రాయుడు వచ్చాడు. వెనకనే టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ ఉస్తాద్ వచ్చాడు.

“జావా యాడ?” అన్నాడు చెంగల్రాయుడు.

“దేవదానం గారు తీసుకుపోయారు. నేనే పూర్తిచేసి ఇచ్చాను, ఎనిమిది నిమిషాల్లో.”

“అయ్యో సామీ! బ్రేకు పట్టీ నట్టు చేత్తో తిప్పి పెట్టి పోతినే నేను!”

ఇక్కడ ఒక మాట చెప్పాలి. విప్పిన నట్లను డబ్బాలో వేయడం ఆ దుకాణంలో లేదు. ఊడదీసిన నట్టును దాని బోల్టుకే వేళ్లతో నాలుగు చుట్లు తిప్పి ఉంచేవారు. అది పోదు, మరొక దానితో కలవదు. చూసేవాడికి అది బిగించినట్టే కనిపిస్తుంది. పానా వేసినదేదో, వేయనిదేదో తిప్పిన చేతికే తెలుసు. నాకు ఆ అలవాటు తెలుసు. తెలిసి కూడా చూడలేదు. బ్రేకు పట్టీ అంటే బ్రేకు చక్రంతోపాటు తిరిగిపోకుండా ఆపి ఉంచే ఇనుప పట్టీ. ఆ నట్టు రాలిపోతే వెనుక బ్రేకు లేనట్టే.

నల్లగుట్ట కనుమకు తొమ్మిది మలుపులు. లోయ వైపు గోడ లేదు.

ఉస్తాద్ మూలనున్న బులెట్టును బయటికి తీశాడు. “కూర్చో” అన్నాడు.

ఎక్కేటప్పుడు బ్రేకు పని తక్కువ. దిగేటప్పుడే అంతా. దేవదానం గారు దిగక ముందే మేము చేరాలి. నాకు తెలిసినది అంతవరకే. దారి పొడుగునా ఉస్తాద్ వెనుక కూర్చొని ఆయన భుజం మీదుగా దుమ్మును చూస్తూ ఉన్నాను. ప్రతి మలుపులోనూ ఆయన బండిని నిదానించి లోయ వైపు చూశాడు. నేను చూడలేకపోయాను.

జావా నల్లగుట్టపల్లె బడి గోడ పక్కన నిలబెట్టి ఉంది. దేవదానం గారు పెట్టె మూస్తున్నారు. టీకాలు వేయించుకున్న పిల్లలు చేతులు పట్టుకొని ఏడుస్తున్నారు.

“ఏం ఫకృద్దీనూ, నీకూ టీకా వెయ్యాలా?” అన్నారాయన.

ఉస్తాద్ జావా పక్కన గొంతుక్కూర్చొని ఆ నట్టును రెండు వేళ్లతో ముట్టాడు. అది ఒక్క చుట్టులో ఊడి ఆయన అరచేతిలో పడింది. నాలుగు చుట్లలో మూడు దారిలోనే విడిపోయాయి. ఆయన దాన్ని మళ్లీ బోల్టుకు వేళ్లతోనే తిప్పి పెట్టాడు.

దేవదానం గారు దాన్ని చూశారు. నా వైపు చూశారు.

నా జేబులో పానా ఉంది. దుకాణంలోంచి వచ్చేటప్పుడు తెలియకుండానే తెచ్చుకున్నాను. దాన్ని తీసి వంగాను. ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“నీ చెయ్యి ఇప్పిందా దీన్ని?”

“లేదు.”

“నా చెయ్యి ఇప్పిందా?”

“లేదు.”

“పో. ఇప్పినోణ్ని పిల్చుకొని రా.”

నేను ఆయన ముఖం చూశాను. హాస్యం కాదు. పన్నెండు మైళ్లు పోవాలి, పన్నెండు మైళ్లు రావాలి. నాలుగు చుట్లు తిప్పితే అయిపోయే పని.

దేవదానం గారికి అప్పుడు కోపం వచ్చింది. “నీకేమైనా మతి పోయిందా? ముప్పై ఏళ్లుగా బండ్లు బాగు చేస్తున్నావు, ఒక నట్టు బిగించలేవా?”

“నేను ఇప్పలేదు సార్.”

“సాయంత్రంలోగా నేను ఆఫీసులో రిపోర్టు ఇవ్వాలయ్యా!”

“ఇద్దురు సార్. ఆఫీసుకు పోయినాక ఇద్దురు.”

గోడకు ఆనుకొని చూస్తున్న ఒక ముసలమ్మ పెద్దగా నవ్వింది. “ఒక్క నట్టు బిగించను ఇంకా ఎంతమంది మొగోళ్లు కావల్లబ్బా?”

ఉస్తాద్ జావా వెనుక చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. ఆ తెల్ల లుంగీతో, ఆ దుమ్ములో. ఇక ఆ బండిని ఎవరూ కదిలించలేరు.

నేను బులెట్టు మీద ఒంటరిగా కనుమ దిగాను. ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కినప్పుడు అది పట్టింది. పట్టిన ప్రతిసారీ, పట్టకపోతే ఎలా ఉండేదో నా కాలికి తెలిసింది.

చెంగల్రాయుడు దుకాణం మెట్టు మీద తల పట్టుకొని కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. “మనిషి ఉండాడా?”

“ఉన్నారు. నిన్ను రమ్మంటున్నాడు ఉస్తాద్. నట్టు బిగించడానికి.”

అతను ఆశ్చర్యపడలేదు. అదే నన్ను ఆశ్చర్యపరిచింది. పానా తీసుకొని వెనుక కూర్చున్నాడు. ప్రాణం కుదుటపడిన తర్వాత దారిలో నోరు విప్పాడు.

“ఏం ఇంజనీరు సామీ, ఎనిమిది నిమిషాల పనికి ఇబ్బుటికి ఎన్ని గంటలాయె? రాసుకొంటివా?”

నేను బండి వేగం పెంచాను.

మేము చేరేసరికి ఎండ వాలింది. ఉస్తాద్ ఆ చక్రానికి ఆనుకొనే ఉన్నాడు. దేవదానం గారు కూడా కోపం చాలించి పక్కనే నేల మీద కూర్చున్నారు. ఇద్దరి మధ్య ముసలమ్మ పెట్టిన ఉడకబెట్టిన చెనిక్కాయలు ఉన్నాయి.

ఉస్తాద్ లేచి పక్కకు జరిగాడు. చెంగల్రాయుడు కూర్చొని నట్టుకు పానా వేశాడు. మూడున్నర చుట్లు. చివర ఒక గట్టి పట్టు. అయిపోయింది. అతను లేవబోయాడు.

లేవలేదు.

అతని కుడి చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. ఎందుకు పోయిందో అతనికి కూడా తెలిసినట్టు లేదు. నేను అతని ముఖాన్నే చూస్తున్నాను. చెయ్యి బయటికి వచ్చినప్పుడు వేళ్ల మధ్య ఒక చిన్న తీగ పిన్ను ఉంది, ఆడవాళ్ల జడపిన్నులో సగం ఉంటుంది. ఆ చెయ్యి తిన్నగా బ్రేకు పెడలు నుంచి వచ్చే కడ్డీ చివరకు పోయింది. అక్కడ కడ్డీని పట్టి ఉంచే మేకుకు ఒక రంధ్రం ఉంది. రంధ్రం ఖాళీగా ఉంది. మేకు అప్పటికే సగం బయటికి జరిగి ఉంది. అది జారిపోతే పెడలు తొక్కినా బ్రేకు పట్టదు.

చెంగల్రాయుడు మేకును లోపలికి తోసి, పిన్ను గుచ్చి, దాని రెండు కాళ్లూ విడదీసి వంచాడు.

నా పానా ఆ నట్టును బిగించి ఉంటే దేవదానం గారు అప్పుడే బయలుదేరి ఉండేవారు. ఉస్తాద్ బిగించినా బయలుదేరి ఉండేవారు. మేము ముగ్గురమూ ఆ బండి పక్కన నిలబడ్డాం. దేవదానం గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. దేనికోసం తీశారో నేను అడగలేదు.

ఉస్తాద్ ఒక్కసారి కూడా ఆ కడ్డీ వైపు చూడలేదు. చెంగల్రాయుణ్ని మాత్రం అడిగాడు.

“అయిందా?”

“ఇప్పుడైంది ఉస్తాద్.”

“పోండి సార్, ఇంక.”

దేవదానం గారు బయలుదేరారు. ఉస్తాద్ కనుమ అంచున నిలబడి కళ్లు మూసుకున్నాడు. జావా శబ్దం కొండ చుట్టూ తిరుగుతూ దిగుతోంది. ఒక్కొక్క మలుపు దాటినప్పుడు ఆయన ఒక్కొక్క వేలు ముడిచాడు. నాకు అయిదో మలుపు తర్వాత గాలి తప్ప ఏమీ వినిపించలేదు. ఆయన తొమ్మిదో వేలు ముడిచే దాకా అక్కడే ఉన్నాడు.

అప్పుడు నేను అడిగాను. “ఉస్తాద్, ఆ పిన్ను సంగతి మీకు ముందే తెలుసా?”

“లే.”

“మరి ఎందుకు కూర్చున్నారు?”

“తెలీదు గాబట్టే కూసున్నా నాయనా.”

ఆ తర్వాత నేను ఆ దుకాణంలో సరిగ్గా ఒక సంవత్సరం ఉన్నాను. ఒక ఉదయం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఉపాధ్యాయుడిగా నియామక పత్రం వచ్చింది. ఆ మధ్యాహ్నం బస్సుకే బయలుదేరాను. ఉస్తాద్ ఆ వేళ నమాజులో ఉన్నాడు.

నాలుగేళ్ల తర్వాత నా కళాశాల చిరునామాకు ఒక ఉత్తరం వచ్చింది. రాత చెంగల్రాయుడిది. మాటలు ఉస్తాద్‌వి.

“చిరంజీవి పద్మనాభయ్యకు ఫకృద్దీన్ దీవెనలు. ఇక్కడ అందరూ క్షేమం. నువ్వు పోయిన దినం పొద్దున నేర్చుకోను నువ్వు విప్పిన నా లాంబ్రెట్టా గుడ్డ మీద పరిచినట్టే ఉండాది. దుమ్ము పడకుండా పైన ఇంకొక గుడ్డ కప్పినాము. చెంగల్రాయుడు దాని దగ్గరికి పోడు. నేనూ పోను. నా బండే గాబట్టి తొందర పెట్టేవాళ్లు ఎవరూ లేరు. మసీదుకు నడిచే పోతాండా. నడక మంచిదే. నీకు సెలవు దొరికినప్పుడు రా.”

సెలవులు దొరకక కాదు. ఆ ఉత్తరం వచ్చి యాభై మూడేళ్లయింది. నేను జవాబు రాయలేదు.