లోవరాజు పానా

గోదారికి ఇన్ని వంతెనలు పుట్టకముందు, లంకల్లో కోడికంటే పడవ ఇంజనే ముందు కూసే రోజుల్లో, ఓ లంకలో లోవరాజని ఒక పడవవాడు ఉండేవాడు. సైకిలు చైను ఊడితే తోసుకుంటూ ఇంటికొచ్చే నాబోటివాడు ఇంజన్ల కథ చెప్పకూడదు. తెలిసినవాళ్ళు చెప్పడం లేదు కాబట్టి నాతోనే సరిపెట్టుకోండి.

లోవరాజుకి ఉన్నవి రెండే, పడవా కోపమూ. కోపమొస్తే నోరు తెరవడు. బోల్టులు విప్పే పానా అందుకుంటాడు.

ఆ ఏడు వరదకి లంకలో ఎద్దులన్నీ కొట్టుకుపోయాయి. పెద్ద ట్రాక్టరు తెద్దామంటే పడవలో పట్టదు. వరద తీశాక ఒండ్రు మెత్తగా ఉండేది కొద్ది రోజులే. ఆలోగా దున్ని విత్తనం వేస్తే ఏడాదికి తిండి. ఎండి పెంకు కట్టిందంటే గునపం కూడా దిగదు.

ఓ పొద్దున లోవరాజు రేవుకి పోతుంటే, ఏటి ఒడ్డున చాపంత పొలం చెక్కలో ముసలి ఆదెమ్మ కనిపించింది. భుజాన తాడేసుకుని నాగలి లాగుతోంది. వెనక కోడలు మేడి పట్టుకుంది.

"ఏంటి పిన్నీ ఇది?"

"ఎద్దునయ్యాను నాయనా," అంది ఆదెమ్మ. "గడ్డి కోసుకొచ్చే పని తప్పిందని కోడలికి సంబరంగా ఉంది."

లోవరాజుకి కోపమొచ్చింది. గోదారి మీదో, దేవుడి మీదో తెలీదు. నోరు తెరవలేదు. పానా అందుకున్నాడు.

పాత జీపు గేరుపెట్టె, బండి ఇరుసు, నాలుగు చక్రాలు చేర్చి పొట్టి ట్రాక్టరు కట్టాడు. మోపెడ్డు ఇంజను బిగించాడు. అది ఊరంతా వినపడేలా ఏడ్చింది గానీ, అడుగు కదల్లేదు.

ఆ ఊరి మునసబు చూడ్డానికొచ్చాడు. రేవు మునసబుది. పల్లపు చెక్కలు పోగా, మెరక మీది పొలాలన్నీ మునసబువే.

"తేనెటీగకి కాడి కట్టావేంట్రా?" అన్నాడు.

లోవరాజుకి కోపమొచ్చింది. నోరు తెరవలేదు. పానా అందుకున్నాడు. మోపెడ్డుది విప్పి స్కూటరు ఇంజను బిగించాడు. అది లాగింది. కానీ చాల్లో నత్తనడక కదా, గాలి తగలక కాగి కాగి బిగుసుకుపోయింది.

"పప్పు ఎసరు పెట్టుకోరా, వేడి వృథా పోతోంది," అన్నాడు మునసబు.

లోవరాజుకి కోపమొచ్చింది. నోరు తెరవలేదు. పానా అందుకుని చుట్టూ చూశాడు. లంకలో ఇంకొక్క ఇంజనే మిగిలింది. తన పడవది. అదీ విప్పాడు. ఇక పడవని గెడతో తోసుకోవాల్సిందే.

బిగించి, హేండిలు తిప్పి, మొదటి గేరు వేశాడు. ట్రాక్టరు వెనక్కి నడిచి ఆదెమ్మ కోళ్ళగూటిలోకి దూరింది. రెండోది వేశాడు. ఇంకా జోరుగా వెనక్కి పోయింది. పడవ ఇంజను తిరిగేది ఒక వైపు, జీపు గేర్లు అడిగేది ఇంకో వైపు. ఆ సంగతి పడవవాడికే తట్టలేదు. చివరికి విసిగి, రివర్సు గేరు వేశాడు. ట్రాక్టరు చూలు గేదెలా నిదానంగా ముందుకి కదిలింది. దుక్కికి అంతకంటే ఏం కావాలి?

ఆదెమ్మ చెక్క సగం దున్నాడు. అప్పుడొచ్చాడు మునసబు.

"దిగరా. ముందు మెరక దున్నాలి."

"మెరక దున్నేసరికి పల్లం ఎండిపోద్దండి. ఇక్కడివాళ్ళు ఏం తింటారండి?"

"రేవు నాది. నా రేవులో తిరిగిన ఇంజను నాది. దిగు."

లోవరాజుకి చెవుల దాకా కోపమొచ్చింది. కానీ ఈసారి పానా తీసి మొలలో దోపుకున్నాడు. దిగి పక్కన నిలబడ్డాడు.

మునసబు పంచె ఎగ్గట్టి డ్రైవరు పీట ఎక్కాడు. మొదటి గేరు మీద చెయ్యేశాడు.

"ఆ గేరు కాదండయ్యా," అంది ఆదెమ్మ.

"ఎద్దువి, నువ్వు నాకు చెప్పేదేంటే? నోర్ముయ్."

ఆదెమ్మ నోరు మూసింది. మునసబు మొదటి గేరు వేశాడు. ట్రాక్టరు వెనక్కి వెనక్కి నడిచి గట్టు దిగింది. వెనక చక్రాలు ఏట్లో మునిగాయి. ముక్కు మీది ఇంజను గట్టునే ఉండి డుబడుబలాడుతోంది. మునసబు మాత్రం పీట మీంచి జారి నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాడు. తలపాగా సముద్రం వైపు బయల్దేరింది.

లోవరాజు వెళ్ళి పీటెక్కాడు. రివర్సు వేశాడు. బండి బురద కారుస్తూ ముందుకొచ్చి గట్టెక్కింది.

అప్పుడు, ఈ కథలో మొదటిసారి, కోపంలో లోవరాజు నోరు తెరిచాడు.

"మునసబు గారూ, ఈ ఇంజను నాది. పల్లం నుంచి పైకి దున్నుతాను. మీ వంతు ఆఖర్న."

అలాగే దున్నాడు. ఆదెమ్మ చెక్క, దాని పైది, దాని పైది. మెరక చేరేసరికి మట్టి పెంకు కట్టింది. దాన్నీ దున్నాడు, దున్నినంతసేపూ ఇంజనుని తిడుతూ.

మునసబు ఊరుకోలేదు. రేవులో పడవ నడిపే పని ఇంకొకడికిచ్చాడు. లోవరాజు పడవ ఒడ్డునే చివికింది. కొన్నేళ్ళకి అతనూ ఆ ఒడ్డునే పోయాడు. ఇంజను మాత్రం మళ్ళీ పడవెక్కలేదు.

ఇప్పుడా లంకకి వంతెన ఉంది, పెద్ద ట్రాక్టర్లూ వస్తాయి. అయినా ఏ ట్రాక్టరైనా తొలిచాలు ఏటి ఒడ్డున, అందరికంటే చిన్న చెక్కలోనే వెయ్యాలి. వేసేముందు పీట మీద ఒక పానా పెట్టి, ఇంజనుని నోరారా తిడతారు. ఇక రేషను దగ్గరైనా పెళ్ళి బంతిలోనైనా వెనకొచ్చినవాడు ముందు దూరితే, ఆ లంకలో ముసలమ్మలు అరవరు. ఒక్కటే అడుగుతారు.

"ఏం బాబూ, మొదటి గేరేశావా?"